మూడు రోజుల్లో మూడు కిలోలు ఎక్కడికి పోయాయి?

ఇంట్లో పెళ్ళికి ఇంకా మూడు వారాలే ఉంది. పోయినేడు కుట్టించిన జాకెట్టు చేతుల దగ్గర బిగుసుకుపోయింది. సరిగ్గా అప్పుడే చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఒక ఫార్వర్డ్ వచ్చి పడుతుంది: "7 రోజుల డిటాక్స్! ఒంట్లో పేరుకున్న విషాలన్నీ బయటికి! 5 కిలోలు గ్యారంటీ!" పరగడుపున గోరువెచ్చటి నీళ్ళలో నిమ్మరసం, తేనె. పదింటికి యాపిల్, బీట్‌రూట్, క్యారెట్ కలిపిన ఏబీసీ జ్యూస్. మధ్యాహ్నం సొరకాయ రసం. సాయంత్రం పాలకూర స్మూతీ. పడుకునే ముందు జీలకర్ర నీళ్ళు. అన్నం లేదు, పప్పు లేదు, కాఫీ ఊసే లేదు.

చేద్దామా, వద్దా అని ఊగిసలాడుతున్నారా? నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. బరువు తగ్గడానికి డిటాక్స్ దండగ. కొందరికి దండగే కాదు, ముప్పు కూడా. అయితే ఆ మాట అనేసి ఊరుకుంటే మీరు ఒప్పుకోరు. ఎందుకంటే మీ పిన్ని నిజంగానే మూడు రోజుల్లో మూడు కిలోలు తగ్గింది. బరువు చూసే మిషన్ ఫొటో తీసి గ్రూపులో పెట్టింది కూడా. ఆవిడ అబద్ధం చెప్పలేదు. మరి ఆ మూడు కిలోలు ఏమయ్యాయి?

ముందు లెక్క తేలుద్దాం

ఒక కిలో ఒంటి కొవ్వు కరగాలంటే సుమారు 7,700 కేలరీల లోటు పడాలి. ఇంటిపని, ఆఫీసు పని చేసుకునే ఒకావిడ ఒంటికి రోజుకు 1,800 కేలరీలు ఖర్చవుతాయనుకోండి. ఆవిడ రోజంతా మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టకపోయినా, ఆ ఖర్చంతా కొవ్వు నుంచే తీసినా, కరిగేది 230 గ్రాములు. అంతకు మించి కుదరదు. జ్యూసుల రూపంలో 700 కేలరీలు తాగితే 140 గ్రాములు. మూడు రోజులకు కలిపినా అరకిలో కాదు.

మిగతా రెండున్నర కిలోల్లో చాలావరకు నీళ్ళు. మనం తిన్న అన్నంలోని పిండిపదార్థాన్ని ఒళ్ళు కొంత కాలేయంలోనూ, ఎక్కువ భాగం కండరాల్లోనూ దాచుకుంటుంది. దాని పేరు గ్లైకోజెన్. పెద్దవాళ్ళలో అది 400 నుంచి 500 గ్రాములు ఉంటుంది. ఒక్కో గ్రాము తన వెంట దాదాపు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. అన్నం మానగానే ఒళ్ళు మొదట ఖర్చు పెట్టేది ఈ నిల్వనే. అది పోతే దాని వెంట ఉన్న నీళ్ళూ పోతాయి. పైగా ఆవకాయ, పచ్చడి, చారు మానేశారు కాబట్టి ఉప్పు తగ్గింది. ఉప్పు పట్టి ఉంచే నీళ్ళూ దిగాయి. గట్టి తిండి లేదు కాబట్టి పేగులు ఖాళీగా ఉన్నాయి. వీటన్నిటినీ కూడితే మీ పిన్ని పెట్టిన ఫొటో వస్తుంది.

ఎనిమిదో రోజు పొద్దున రెండు ఇడ్లీలు, మధ్యాహ్నం పప్పన్నం, ఆవకాయ. నిల్వ మళ్ళీ నిండుతుంది, నీళ్ళు తిరిగొస్తాయి. పదో రోజుకల్లా మిషన్ పాత అంకెకు దగ్గరగా వచ్చి కూర్చుంటుంది. ఆ ఫొటో మాత్రం ఎవరూ గ్రూపులో పెట్టరు. అందుకే డిటాక్స్‌కి అంత మంచి పేరు.

ఇందులో నష్టం ఇంకొకటి ఉంది. ఈ జ్యూసుల్లో మాంసకృత్తులు దాదాపు లేవు. అవి లేకుండా రోజుల తరబడి కడుపు మాడ్చుకుంటే ఒళ్ళు కొవ్వుతో పాటు కండనూ కరిగించుకుంటుంది. డిటాక్స్ ముగిశాక తిరిగొచ్చే బరువులో కండ పాలు తక్కువ, కొవ్వు పాలు ఎక్కువ ఉండే అవకాశం ఉంది. ఏడాదికి నాలుగు డిటాక్స్‌లు చేసేవాళ్ళు "నేనేం తినకపోయినా లావవుతున్నాను" అనడానికి ఇదీ ఒక కారణం కావచ్చు.

"ఏ విషం?" అని అడగండి

డిటాక్స్ పొడి, టీ, జ్యూస్ ప్యాక్ ఎవరు అమ్మజూపినా ఒక్క ప్రశ్న వేయండి: "ఇది ఏ విషాన్ని తీస్తుందండీ? పేరు చెప్పండి." 2009లో బ్రిటన్‌లో కొందరు యువ శాస్త్రవేత్తలు ఇదే పని చేశారు. డిటాక్స్ అని రాసుకుని అమ్ముడవుతున్న 15 సరుకుల తయారీదారులను వివరం అడిగారు. ఏ ఇద్దరూ ఒకే అర్థం చెప్పలేదు. గట్టి రుజువు చూపినవాళ్ళూ లేరు. 2015లో ఇద్దరు పరిశోధకులు అప్పటివరకూ వచ్చిన అధ్యయనాలన్నీ గాలించారు. మార్కెట్లో అమ్మే డిటాక్స్ డైట్ల మీద మనుషుల్లో సరైన పద్ధతిలో జరిగిన పరీక్ష ఒక్కటీ వాళ్ళకు కనబడలేదు.

ఒంట్లో వ్యర్థాలు లేవని కాదు. ఉన్నాయి, రోజూ పోతూనే ఉన్నాయి. మీ కిడ్నీలు రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడగట్టి, అందులో ఒకటిన్నర, రెండు లీటర్లను మాత్రమే మూత్రంగా పంపిస్తాయి. తాగిన మందు, మింగిన మాత్ర, పేగుల్లో తయారైన అమ్మోనియా, వీటన్నిటి సంగతీ కాలేయం చూసుకుంటుంది. అవి రెండూ మొరాయిస్తే కాళ్ళు వాస్తాయి, కళ్ళు పచ్చబడతాయి. అప్పుడు పోవాల్సింది డాక్టరు దగ్గరికి, మిక్సీ దగ్గరికి కాదు. నిజంగా ఒంట్లోకి విషం వెళ్తే ఏం చేస్తారో పురుగుమందు తాగినవాళ్ళను ఆస్పత్రికి మోసుకెళ్ళిన పల్లెల్లో అడగండి. అక్కడ పనిచేసింది అట్రోపిన్ ఇంజెక్షన్. కీరదోస నీళ్ళు కాదు.

"మన పెద్దలు లంఖణం పరమౌషధం అన్నారు కదా?" అంటారా? అన్నారు. జ్వరమొచ్చినప్పుడు, అజీర్తి చేసినప్పుడు ఒకటి రెండు పూటలు మానమన్నారు. ఏకాదశి ఉపవాసమైనా ద్వాదశి పొద్దున పారణతో ముగుస్తుంది. వారం పాటు బీట్‌రూట్ రసం తాగి నడుం తగ్గించుకోమని వాళ్ళెవరూ చెప్పలేదు.

అందరూ పడే పొరపాట్లు

ఈ ఫోను సంభాషణ మీరు వినే ఉంటారు.

"వదినా, రెండో రోజుకే తల పగిలిపోతోంది."

"అదే మరి! విషం బయటికి పోతోందమ్మా. ఇంకో రెండ్రోజులు ఓర్చుకో."

పోయింది విషం కాదు, కాఫీ. రోజుకు మూడు గ్లాసుల ఫిల్టర్ కాఫీకి అలవాటు పడినవాళ్ళు ఒక్కసారిగా మానేస్తే 12 నుంచి 24 గంటల్లో తలనొప్పి మొదలవుతుంది. రెండో రోజు మరీ ఎక్కువగా ఉంటుంది. నోటి దుర్వాసన వస్తే అది కొవ్వు కరిగేటప్పుడు పుట్టే కీటోన్లది. కళ్ళు తిరిగితే చక్కెరో, బీపీయో పడిపోయి ఉండొచ్చు. ఈ లక్షణాల్ని ఓర్చుకోవాల్సిన మంచి సూచనలుగా చూడటమే డిటాక్స్‌తో వచ్చే పెద్ద ప్రమాదం. ఒళ్ళు వద్దంటుంటే మనం చప్పట్లు కొడతాం.

ఇంకో పొరపాటు, బయటికొచ్చిన దాన్ని చూసి మురిసిపోవడం. లివర్ క్లెన్స్ అని ఒకటుంది. యాపిల్ జ్యూసు, ఎప్సమ్ సాల్టు, ఆ పైన ఆలివ్ నూనె, నిమ్మరసం. మర్నాడు విరేచనంలో ఆకుపచ్చటి గోళీలు కనిపిస్తాయి. "గాల్‌స్టోన్స్ పడిపోయాయి!" అని సంబరం. అలాంటి గోళీల్ని పరీక్షించి చూసిన వైద్యులు 2005లో లాన్సెట్ పత్రికలో రాశారు. వాటిలో అసలు కొలెస్ట్రాలే లేదు. మింగిన నూనె, నిమ్మరసం కడుపులో కలిసి సబ్బులా గట్టిపడిన ఉండలవి. పిత్తాశయంలోని అసలు రాళ్ళు ఎక్కడివక్కడే ఉన్నాయి. మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను, మరీ వేగంగా బరువు తగ్గడం వల్లే పిత్తాశయంలో కొత్తగా రాళ్ళు ఏర్పడే అవకాశం పెరుగుతుంది.

మూడోది డిటాక్స్ టీ. పెట్టె వెనక చిన్న అక్షరాల్లో సునాముఖి, నేలతంగేడు, సెన్నా అనే పేర్లలో ఏదైనా ఉందేమో వెతకండి. అది విరేచనాల మందు. పని చేసేది పెద్దపేగులో. తిన్నదాంట్లోని కేలరీలు అంతకుముందే చిన్నపేగులో ఒంటికి పట్టేసి ఉంటాయి. అంటే బయటికి పోయేది నీళ్ళు, పొటాషియం. కొవ్వుకు చీమ కుట్టినట్టయినా ఉండదు. నెలల తరబడి తాగితే ఆ టీ లేనిదే కదలని కడుపు మిగలొచ్చు.

సొరకాయ రసం గురించి కాస్త నిదానంగా

మన ఇళ్ళలో డిటాక్స్ అనగానే ముందు గుర్తొచ్చేది సొరకాయ. కూరగాయే కదా, ఏం చేస్తుంది? మామూలు సొరకాయ ఏమీ చేయదు. చేదు సొరకాయ మాత్రం ప్రాణం తీయగలదు. సొరకాయ, దోసకాయ, కాకరకాయల కుటుంబంలో కుకుర్బిటాసిన్లు అనే చేదు పదార్థాలుంటాయి. ఒక్కోసారి సొరకాయలో అవి విపరీతంగా పెరుగుతాయి. 2010లో ఢిల్లీలో ఒక శాస్త్రవేత్త చేదుగా ఉన్న సొరకాయ రసాన్ని కాకర రసంతో కలిపి తాగి చనిపోయారు. ఆ తర్వాత భారత వైద్య పరిశోధన మండలి నిపుణుల కమిటీ వేసి ఇలాంటి కేసుల్ని పరిశీలించింది. వాంతులు, రక్తపు వాంతులు, విరేచనాలు, బీపీ పడిపోవడం అందులో నమోదయ్యాయి. దీనికి విరుగుడు మందు లేదు.

కూర వండితే చేదు మొదటి ముద్దలోనే తెలిసిపోతుంది, కంచం పక్కకు తోసేస్తాం. రసంలో అలా కాదు. "ఆరోగ్యానికి మంచిది, చేదుగానే ఉంటుంది" అనుకుని ముక్కు మూసుకుని గ్లాసుడు గడగడా తాగేస్తాం. పైగా అల్లం, పుదీనా, కాకర కలిపితే ఏది దేని చేదో నాలుకకు తెలియదు. కాబట్టి రసం తీసే ముందు ఒక చిన్న ముక్క కోసి నాలుక మీద పెట్టుకోండి. ఏమాత్రం చేదు తగిలినా కాయ మొత్తం పారేయండి. సొరకాయ రసంలో ఇంకే రసమూ కలపొద్దు. తాగాక కడుపులో తిప్పినా, వాంతి అయినా ఇంటి చిట్కాలు మాని ఆస్పత్రికి పరిగెత్తండి.

పాలకూర, బీట్‌రూట్ సంగతి వేరు. వాటిలో ఆక్సలేట్లు ఎక్కువ. వారానికి రెండు సార్లు పాలకూర పప్పు తింటే ఏ ఇబ్బందీ లేదు. ఒక మనిషి వంతుకు గుప్పెడు ఆకు కూడా రాదు. పచ్చి పాలకూర కట్టలు కట్టలుగా రోజూ మిక్సీలో వేసి తాగితేనే చిక్కు. అమెరికాలో 65 ఏళ్ళ ఒకావిడ ఇలా ఆకుపచ్చ స్మూతీల డిటాక్స్ చేసి కిడ్నీలు పూర్తిగా దెబ్బతిన్న ఉదంతం 2018లో వైద్య పత్రికకెక్కింది. ఆవిడకు అంతకుముందే గ్యాస్ట్రిక్ బైపాస్ అయింది, చాలా రోజులు యాంటీబయాటిక్స్ వాడింది. అందరికీ అలా జరగదు. కానీ మీ ఇంట్లో కిడ్నీ రాళ్ళ చరిత్ర ఉంటే ఆ గ్లాసు మీది కాదు.

అసలు దగ్గరికే పోకూడనివాళ్ళు

షుగరుకు గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్ళు తిండి మానేస్తే చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. డాపాగ్లిఫ్లోజిన్ రకం మాత్రలు వాడేవాళ్ళకు ఉపవాసంలో రక్తం ఆమ్లంగా మారే ప్రమాదం ఉంది. కిడ్నీ జబ్బు, గౌట్ ఉన్నవాళ్ళు, బీపీకి నీళ్ళ మాత్రలు వాడేవాళ్ళు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఎదిగే పిల్లలు, వీళ్ళందరికీ ఒకటే మాట: వద్దు. ఇంటర్ చదివే అమ్మాయి "అమ్మా, నేనూ నీతో పాటు చేస్తా" అంటే సరదా పడకండి.

మరి ఈ మూడు వారాల్లో ఏం చేయాలి?

డిటాక్స్ చేసినవాళ్ళు "ఒళ్ళు తేలికపడింది" అంటారు. అది భ్రమ కాదు. బజ్జీలు, బిర్యానీ, మందు, రాత్రి పదకొండింటి భోజనం మానేస్తే ఎవరికైనా తేలికపడుతుంది. ఆ మేలు మానేసిన వాటి వల్ల వచ్చింది, తాగిన రసం వల్ల కాదు. కాబట్టి మానాల్సినవే మానండి. పప్పన్నం మాత్రం మానకండి.

1. తాగే చక్కెరతో మొదలుపెట్టండి. రెండేసి చెంచాల పంచదారతో రోజుకు నాలుగు కాఫీలంటే 40 గ్రాములు. హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ రోజు మొత్తానికి 25 గ్రాములు దాటొద్దంటోంది. కాఫీ మానక్కర్లేదు. ఒక్కో చెంచా తగ్గించండి. పరగడుపు నీళ్ళలో పెద్ద చెంచాడు తేనె వేస్తే 60 కేలరీలు. నిమ్మరసం వాటిని రద్దు చేయదు.

2. పండు కొరికి తినండి. జ్యూసు వడగట్టినప్పుడు జల్లెడలో మిగిలిన పిప్పిని ఎప్పుడైనా చేత్తో పిండి చూశారా? గుప్పెడుంటుంది. కడుపు నిండిందనిపించేది అదే, మీరు చెత్తబుట్టలో వేసేదీ అదే. మూడు యాపిళ్ళ రసం రెండు నిమిషాల్లో తాగేస్తారు. మూడు యాపిళ్ళు తినమంటే రెండో దానికే చాలంటారు.

3. కంచం తిప్పండి. మన కంచంలో కొండంత అన్నం, అంచున చెంచాడు కూర. దాన్ని తలకిందులు చేయండి. సగం కూరలు, పావు వంతు అన్నం, పావు వంతు పప్పో, గుడ్డో, చేపో. కొలత కావాలంటే రోజూ అన్నం వడ్డించే గరిటె ఒక్కటే వాడండి, గరిటెలు లెక్కపెట్టండి.

4. మాంసకృత్తుల లెక్క చూసుకోండి. 60 కిలోల మనిషికి రోజుకు 50 గ్రాములు కావాలి. గుడ్డుకు 6 గ్రాములు వస్తాయి. పల్చటి పప్పుచారులో పెద్దగా ఏమీ రాదు. ముద్దపప్పు, పెసరట్టు, ఉడికించిన శనగలు, పెరుగు, మాంసం తినేవాళ్ళయితే కోడి, చేప ప్రతి పూటకూ సర్దండి. తగ్గే బరువు కండలోంచి పోకుండా కాపాడేది ఇదే. నడకతో పాటు వారానికి రెండు మూడుసార్లు బరువులెత్తే వ్యాయామమో, గుంజీళ్ళో తోడైతే ఇంకా మంచిది.

5. నూనె సీసాను చూపుతో కాకుండా చెంచాతో వంచండి. పెద్ద చెంచాడు నూనె 120 కేలరీలు. తాలింపులో రెండు చెంచాలు తగ్గిస్తే ఇంట్లో ఎవరికీ తెలియదు. తెలిసినా "ఏంటి, కూర కాస్త పొడిగా ఉంది" అంటారు, అంతే.

6. మిషన్‌ను వారానికోసారి, పొద్దున్నే, కాలకృత్యాలయ్యాక మాత్రమే చూడండి. నిన్న రాత్రి పులిహోర, ఆవకాయ తింటే ఇవాళ కిలో ఎక్కువ చూపించొచ్చు. అది ఉప్పు పట్టిన నీరు. నడుం కొలత ఇంకా నమ్మదగింది. బొడ్డు దగ్గర టేపు పెట్టి, ఊపిరి బిగించకుండా కొలవండి. మగవాళ్ళకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకు 80 దాటితే జాగ్రత్తపడాలి.

7. ఎంత తగ్గుతారో ముందే తెలుసుకోండి. వారానికి అరకిలో చొప్పున తగ్గడం క్షేమం. మూడు వారాలకు కిలోన్నర. పెళ్ళి ఫొటోల్లో అది పెద్దగా కనిపించకపోవచ్చు. ఆ జాకెట్టు సంగతికొస్తే, టైలర్లు పక్క కుట్ల లోపల కొంచెం బట్ట వదిలే కుడతారు. కుట్టు విప్పించి ఇటూ అటూ వదులు చేయిస్తే పని సాయంత్రానికే అయిపోతుంది. వారం రోజులు కడుపు మాడ్చుకుని, పెళ్ళి రోజు మంటపం దగ్గర కళ్ళు తిరిగి కూలబడటం కన్నా ఇది ఎన్నో రెట్లు నయం.

ఇప్పటికే మొదలుపెట్టేశారా?

రెండో రోజో, మూడో రోజో అయితే ఇవాళే ఆపేయండి. "వారం పూర్తి చేయకపోతే దండగవుతుంది" అనుకోకండి, మిగతా రోజుల్లో వచ్చే లాభమేమీ లేదు. ముందు ఇడ్లీ, మెత్తటి పెసరపప్పు అన్నం, మజ్జిగ తీసుకోండి. మర్నాటికి మామూలు భోజనం. ఐదు రోజులకు పైగా దాదాపు ఏమీ తినకుండా ఉన్నా, ముందే బక్కగా ఉన్నా, ఒక్కసారిగా కడుపు నిండా తినేయకండి. డాక్టరుతో మాట్లాడి, రక్తంలో పొటాషియం, ఫాస్ఫరస్ చూపించుకుని, మెల్లగా తిండి పెంచండి. మొదటి వారంలో తగ్గిన బరువులో చాలావరకు వెనక్కి వస్తుంది. అది పోయిన నీళ్ళే. అది చూసి మళ్ళీ జ్యూసర్ కడగడం మొదలుపెట్టకండి. ఆ వారం మిషన్‌ను మంచం కిందికి తోసేసి, టేపు ఒక్కటే దగ్గర పెట్టుకోండి.